శాలువాలు చాలు, గొంతులు రికార్డు చెయ్యండి: సాంస్కృతిక శాఖకి విశాఖ నుంచి ఓ బహిరంగ లేఖ

రాష్ట్ర సాంస్కృతిక శాఖ పెద్దలకి, నాటక అకాడమీ వారికి, పనిలో పనిగా ఆకాశవాణి దూరదర్శన్ వాళ్ళకి కూడా, విశాఖపట్నం నుంచి నమస్కారాలు.

ముందే చెప్పేస్తున్నా, ఇది ఎవరికో సన్మానం చెయ్యమని అడిగే ఉత్తరం కాదండీ. మా ఊళ్ళో సన్మానాలకి లోటేం లేదు. కళాభారతిలోనో, పౌర గ్రంథాలయం మేడ మీదో, ఏ సాయంత్రం వెళ్ళినా ఎవరో ఒక పెద్దాయన్ని కుర్చీలో కూర్చోబెట్టి శాలువా కప్పుతూనే ఉంటారు, ముందు వక్తలు గంటన్నర మాట్లాడతారు, ఆయనకి మైకు ఇచ్చేసరికి హాలు వాచ్‌మన్ తాళాలు ఊపుతుంటాడు. ఆయన రెండు ముక్కలు మాట్లాడి దిగిపోతాడు. ఆయన యాక్టింగ్ ఎలా ఉండేదో ఆ హాల్లో ఉన్న కుర్రాళ్ళకి చచ్చినా తెలీదు. నేను ఈ ఉత్తరం రాస్తున్నది ఆ యాక్టింగ్ గురించి.

నాకు తెలిసిన ఒకాయన ఉన్నారు, పేరు రాయను, రాస్తే ఆయన ఊరుకోరు, మేమంతా మాస్టారు అంటాం. ఎనభై దాటాయి. బడిలో పాఠాలు చెప్పిన మాస్టారు కాదు, సింధియా దగ్గర షిప్‌యార్డులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు, కానీ మల్కాపురం శ్రీహరిపురం చుట్టుపక్కల నాటకం అంటే ఇష్టపడ్డ ప్రతి కుర్రాడికీ నిలబడ్డం నడవడం ఈయనే నేర్పారు కాబట్టి మాస్టారు. అప్పట్లో మా ఊరి నాటకం అంతా ఇలాంటివాళ్ళదే కదా, షిప్‌యార్డు, పోర్టు, రైల్వే, బీహెచ్‌పీవీ, తర్వాత స్టీల్‌ప్లాంటు, పగలు డ్యూటీ, సాయంత్రం ఏ యూనియన్ ఆఫీసులోనో స్కూలు వరండాలోనో రిహార్సల్, పరిషత్తు పోటీలు వచ్చాయంటే సెలవులన్నీ ఒకేసారి పెట్టేసి సెట్టు సామాన్లు లారీకెత్తుకుని బయల్దేరడం. ఆడవేషానికి ఆర్టిస్టుని బయట ఊరి నుంచి పిలిపించుకుంటే ఆవిడ చేతిలో ఉన్నది ఒక్క రోజు రిహార్సల్, పాపం ఆవిడ అదే వారంలో ఇంకో రెండు సమాజాల నాటకాలు కూడా బుర్రలో పెట్టుకుని వచ్చేది. ఆ ఆడవాళ్ళ గురించి ఎవరూ ఒక్క ముక్క రాయలేదు, అది వేరే ఉత్తరం రాయాల్సిన సంగతి.

మాస్టారు మీ లెక్కలో పేరున్న నటుడు కాదు. కానీ గాజువాక నుంచి గోపాలపట్నం దాకా నాటకాలు చూసిన పాతవాళ్ళని కదపండి, "ఆ లాయరు వేషం ఆయనా?" అంటారు. ఆ లాయరు వేషంలో ఆయన కోర్టులో వాదించే సీను ఒకటుండేది, అందరూ అరిచి చెప్పే డైలాగు ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, చాలా చిన్న గొంతుతో చెప్పేవారు. చిన్న గొంతు అంటున్నా గానీ ఆఖరి వరసలో బెంచీ మీద నిలబడి చూసేవాడికి కూడా వినపడేది. ఎలా అంటే, అప్పుడు కాలర్ మైకులు ఎక్కడివి, పైనుంచి వేలాడే మైకులు రెండో మూడో ఉండేవి, వాటి మధ్యలో నిలబడితే గొంతు గాల్లో కలిసిపోతుంది, కిందకెళ్ళి అరిస్తే స్పీకరు పగిలిపోతుంది. ఏ మాటకి ఏ మైకు కిందకి చేరాలి, అదీ పాత్ర నడుస్తున్నట్టే ఉండాలి తప్ప మైకు కోసం వెళ్తున్నట్టు కనపడకూడదు, ఇదంతా ఆయన ముందు రోజు ఖాళీ స్టేజి మీద అడుగులు వేసుకుని చూసుకునేవారు. నేను వింగులో, అంటే స్టేజి పక్క తెర చాటున, పుస్తకం పట్టుకుని మర్చిపోయినవాళ్ళకి డైలాగు అందించే ప్రాంప్టింగ్ చెప్పేవాణ్ణి కాబట్టి దగ్గర నుంచి చూసా. ఆయనకి నా అవసరం ఎప్పుడూ రాలేదు, నాకు మాత్రం ఫ్రీగా నాటకం దొరికింది.

ఇక రేడియో. విశాఖ ఆకాశవాణి 1963లో మొదలైంది. నాటకం ఆడిషన్ ప్యాసైతే బి గ్రేడ్, తర్వాత బి-హై, ఎ, ఆపైన టాప్, ఈ మెట్ల మీద మాస్టారు బి-హై దాకా వెళ్ళారు. రేడియోలో మొహం లేదు, చెయ్యి లేదు, కళ్ళజోడు తుడుచుకోడం అసలే లేదు. స్క్రిప్టు కాగితం తిప్పితే చప్పుడు రికార్డయిపోతుంది కాబట్టి డైలాగు చెప్తూనే చేత్తో మూల పట్టుకుని గాల్లో తిప్పాలి. దూరం నుంచి వస్తున్న మనిషి అంటే గొంతు తగ్గించడం కాదు, నిజంగానే మైకుకి దూరంగా వెళ్ళి మామూలుగా మాట్లాడుతూ దగ్గరికి రావాలి. "స్టేజి మీద నేను ఆరడుగులుంటానా, రేడియోలో నా ఎత్తు నేను ఊపిరి పీల్చే చప్పుడంత" అనేవారు ఆయన. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక రేడియో ముందు కూర్చున్న వాడలోని ఆడవాళ్ళు మర్నాడు పిన్నిగార్ని (మాస్టారి భార్యని) కుళాయి దగ్గర ఆపి "నిన్న అంత ఏడిపించేశారేటమ్మా మీ ఆయన" అనేవాళ్ళట.

దూరదర్శన్ తెలుగు 1977 అక్టోబరు 23న హైదరాబాదులో మొదలైంది, మా ఊళ్ళో బొమ్మ కనపడ్డానికి ఇంకా టైం పట్టింది అనుకోండి. మన కుర్రాళ్ళకి నమ్మకం కుదరదు గానీ ఒక్క వేషం కోసం మాస్టారు సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి తెల్లారి సికిందరాబాదులో దిగి, రామంతపూర్ స్టూడియోలో మొహం కడుక్కుని మేకప్‌కి కూర్చునేవారు. అక్కడ మళ్ళీ కొత్త చదువు. స్టేజి మీద ఆఖరి వరసకి అందాలి, కెమెరా ముందు కనుబొమ్మ కాస్త ఎక్కువ లేచినా "సార్ కొంచెం తగ్గించండి" అంటారు. నాటకాల వాళ్ళు చాలామంది ఇక్కడే దెబ్బతిన్నారు, టీవీలో కూడా అరిచారు. మాస్టారు తగ్గించుకోగలిగారు, రేడియో ఆయన్ని ముందే సగం తగ్గించి ఉంచింది మరి.

1995లో ప్రైవేటు చానళ్ళు వచ్చాక డైలీ సీరియళ్ళు. అప్పటికి ఆయన తాతగారి వయసుకి వచ్చేశారు, కాబట్టి తాతగారు, పంతులుగారు, ఊరి పెద్ద, ఆస్పత్రి మంచం. గంట నాటిక మొత్తం నోటికి పట్టుకుని ఆడిన మనిషికి పక్కన అసిస్టెంటు కుర్రాడు నిలబడి ఒక్కో ముక్కా గట్టిగా చెప్తుంటే దాన్ని తిరిగి అనాలి, ఎందుకంటే సీను కాగితం షాట్‌కి పది నిమిషాల ముందు వస్తుంది. "అబ్బాయ్, ఈ వాక్యం పూర్తయ్యాక ఏముందో చెప్పరా, అప్పుడు మొదలెడతా" అనడిగారట ఓసారి, ఆ కుర్రాడు "అది ఇంకా రాయలేద్సార్" అన్నాడట. మొహం ఆయనదే, గొంతు మాత్రం కొన్నిటికి ఆయనది కాదు. డబ్బింగ్ కోసం మళ్ళీ రాలేనంటే అక్కడే ఎవరిచేతో చెప్పించేశారు. ఆఖరికి ఒక సీరియల్లో ఈయన ఆరోగ్యం బాగాలేక వెళ్ళలేకపోతే కథలో తాతగార్ని చంపేసి గోడ మీద ఫోటో పెట్టి దండేశారు. పిన్నిగారు ఆ ఎపిసోడ్ చూసి టీవీ కట్టేసి రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఫోటోకి పారితోషికం లేదు, అది కూడా చెప్పాలి.

ఇప్పుడు అసలు విషయానికొస్తా. యూట్యూబ్‌లో వెతికితే మాస్టారివి దొరికేవి ఏంటో తెలుసాండీ, ఆ దండేసిన ఫోటో వెనకాల గోడ మీద కనపడే ఎపిసోడ్లు కొన్ని, వేరే మనిషి గొంతుతో ఆయన పెదాలు కదిపేవి కొన్ని. అంతే. దాదాపు యాభై ఏళ్ళు యాక్టింగ్ చేసిన మనిషికి మిగిలింది అది.

మరి మిగతావి ఏమయ్యాయి అంటే ఎవరో కుట్ర చేసింది ఏం లేదు, దేని దారిన అది పోయింది. స్టేజి నాటకం ఎలాగూ ఆ రాత్రితో అయిపోతుంది. కరపత్రాలు చవక కాగితం. షీల్డులు సమాజం పేరు మీదో ఆఫీసు పేరు మీదో వస్తాయి కాబట్టి ఏదో ఆఫీసు బీరువాలో ఉండిపోయాయి, ఆ సెక్షనే ఇప్పుడు లేదు. టేపు ఖరీదైన రోజుల్లో పాత ప్రోగ్రాం మీదే కొత్తది ఎక్కించేయడం టీవీలో మామూలు. ఇంట్లో ఒక ఆల్బమ్, ఒక పాత సూట్‌కేసు నిండా పేపరు కటింగులు, రేడియో కాంట్రాక్టు కాగితాలు ఉండేవి, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు పైకప్పు రేకులు ఎగిరిపోయి ఆ గది అంతా తడిసి ముద్దయింది. ఆరబెట్టాం. ఫోటోలు ఒకదానికొకటి అంటుకుపోయాయి, విడదీస్తే మొహాలు ఊడి వచ్చాయి.

తర్వాత ఎవరో మంచివాళ్ళు చెప్పారని కళాకారుల పింఛనుకి అప్లై చెయ్యడానికి ఒక ఆఫీసుకి తీసుకెళ్ళాం. ఏ ఆఫీసో అనవసరం, అక్కడున్న అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. ప్రదర్శనల ఫోటోలు, సర్టిఫికెట్లు, పేపరు కటింగులు కావాలంది. లేవన్నాం, తుఫాను కథ చెప్పాం. వీడియో క్లిప్ ఏదైనా ఉందా అంది. మాస్టారు లేచి నిలబడి "చేసి చూపించమంటావా తల్లీ, లాయరు సీను ఏడు నిమిషాలు" అన్నారు. ఆ అమ్మాయి నిజంగానే ఆలోచించి "అది అప్‌లోడ్ అవ్వదు కదండీ" అంది. ఆమె తప్పేం లేదు, ఫారంలో ఆ గడి లేదు. ఢిల్లీలో సాంస్కృతిక మంత్రిత్వ శాఖ వాళ్ళ వృద్ధ కళాకారుల సాయం ఉంది, 60 దాటి ఏడాదికి 72 వేల లోపు ఆదాయం ఉన్నవాళ్ళకి నెలకి 6 వేల దాకా ఇస్తారు, అక్కడా అడిగేది కళారంగంలో ఏం చేశావో చూపించమనే కదా. పల్లెల్లో చెక్కభజన తాతలు, తోలుబొమ్మల వాళ్ళు, వీధి భాగవతం వాళ్ళు ఏం చూపిస్తారో నాకైతే అర్థం కాదు.

ఇంకో విచిత్రం చెప్తా. మా మాస్టారికన్నా ఒకటి రెండు తరాల ముందువాళ్ళ గొంతులు ఇప్పటికీ వినొచ్చు. స్టేజి మీద ఆడవేషాలకి పేరుపడ్డ స్థానం నరసింహారావు గారు పాడిన పాటలు ఫోన్‌లో దొరుకుతాయి. మన ఉత్తరాంధ్ర పీసపాటి నరసింహమూర్తి గారి కృష్ణుడి పద్యాలు ఇవాళ కూడా కార్లో పెట్టుకుని వినేవాళ్ళున్నారు. ఎందుకంటే పద్యం అమ్ముడుపోయింది, గ్రామఫోను కంపెనీ వాళ్ళు ప్లేటు వేశారు, తర్వాత క్యాసెట్టు వాళ్ళు వేశారు. సాంఘిక నాటకం ఆడినవాడి మాట ఎవడు కొంటాడు? కొనేవాడు లేడు కాబట్టి ఎవరూ అచ్చెయ్యలేదు. అందుకే గ్రామఫోను రోజుల నటుడు మనకి వినపడతాడు, 1985 నాటి ఉత్తమ నటుడు వినపడడు. గట్టిగా చూస్తే మీరు పూడ్చాల్సిన గొయ్యి ఇదొక్కటే, వ్యాపారం వదిలేసిన చోట ప్రభుత్వం ఉండాలి కదా, లేకపోతే శాఖ దేనికి.

సినిమాకి వెళ్ళినవాళ్ళు మిగిలారు. మన వంకాయల సత్యనారాయణ గారు 2018లో పోయారు, సినిమాల్లో వేశారు కాబట్టి మొహం చూడగానే జనం గుర్తుపడతారు. గొల్లపూడి మారుతీరావు గారు విజయనగరంలో పుట్టి మన ఆంధ్రా యూనివర్సిటీలో (ఏయూలో) చదివి, నాటకాలు రాసి, రేడియోలో పనిచేసి, టీవీలో కార్యక్రమాలు నడిపి, ఆత్మకథ కూడా రాసుకుని 2019లో వెళ్ళిపోయారు, ఆయన రచయిత కాబట్టి తన్ని తాను భద్రం చేసుకోగలిగారు. ఆయన రాసిన "కళ్ళు" నాటకం 1988లో సినిమా అయింది, ఆ కథ అందరికీ తెలుసు, కానీ స్టేజి మీద ఆ గుడ్డి బిచ్చగాళ్ళ వేషాలు ఊరూరా కట్టినవాళ్ళెవరు? కన్యాశుల్కం 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడారు అని ప్రతి సభలో చెప్తాం, గిరీశం వేషంలో జె.వి. రమణమూర్తి గారు వెయ్యికి పైగా ప్రదర్శనలిచ్చారని కూడా గొప్పగా చెప్తాం. వెయ్యి ప్రదర్శనల్లో నాలుగైదు వేరువేరు ఊళ్ళవి, వేరువేరు వయసులవి పూర్తిగా రికార్డయి ఉంటే ఒక నటుడు ఒకే వేషంలో ఎలా ముదురుతాడో మన పిల్లలు పక్కపక్కన పెట్టుకుని చూసేవాళ్ళు. ప్రదర్శనల లెక్క మాత్రం భద్రంగా ఉంది.

రమణమూర్తి గారి అన్నయ్య జె.వి. సోమయాజులు గారి సంగతి మీకు వేరే చెప్పాలా. డిప్యూటీ కలెక్టరు ఉద్యోగం, స్టేజి మీద ఏళ్ళ తరబడి నాటకాలు, 1980లో శంకరాభరణం, ఆ తర్వాత మీ సాంస్కృతిక శాఖకే డైరెక్టరుగా చేశారు. మీ కుర్చీలో ఒకప్పుడు నాటకాల మనిషి కూర్చున్నాడు కాబట్టే ఈ ఉత్తరం మీకు రాయాలనిపించింది.

మేం అడిగేది పెద్ద ఖర్చు పని కాదండీ. కొత్త భవనం వద్దు, శిలాఫలకం వద్దు, బీచ్ రోడ్డులో విగ్రహాలు చాలినన్ని ఉన్నాయి. విశాఖలో, శ్రీకాకుళంలో, విజయనగరంలో డెబ్బై దాటిన నాటకాల వాళ్ళని, రేడియో వాళ్ళని ఒక్కొక్కర్నీ పిలిచి రెండు కెమెరాలు, సరైన మైకు పెట్టి రికార్డు చెయ్యండి. ఇంటర్వ్యూ అంటే మళ్ళీ "మీ బాల్యం గురించి చెప్పండి" అని మొదలెట్టకండి, దండం పెడతా. వేషం వెయ్యమనండి. గుర్తున్న సీను చెయ్యమనండి, మర్చిపోయిన చోట ఆగనివ్వండి, పక్క వేషానికి ఇంకో పాతాయన్నో, ఏయూ థియేటర్ ఆర్ట్స్ పిల్లల్నో నిలబెట్టండి. చేశాక ఎందుకలా చేశావు, ఎక్కడ ఊపిరి తీశావు, ఎవర్ని చూసి నేర్చుకున్నావు అని అడగండి. ఆ పిల్లలకి అంతకన్నా పెద్ద క్లాసు ఉంటుందా? మన ఊళ్ళో యాక్టింగ్ నేర్పే సత్యానంద్ గారి దగ్గర నేర్చుకుని పెద్ద హీరోలైన వాళ్ళున్నారు, నేర్చుకోవాలనే పిల్లలకి ఈ ఊళ్ళో ఎప్పుడూ కరువు లేదు.

అలాగే ఇళ్ళల్లో అటకల మీద ఉన్న రాతప్రతులు. కార్బన్ పెట్టి తీసిన కాపీలు, అంచుల్లో "ఇక్కడ రెండడుగులు ఎడమకి", "లైటు తగ్గు" అని పెన్సిలు రాతలుంటాయి, అచ్చయిన నాటకం పుస్తకంలో అవి ఉండవు. కొడుకులు అమెరికాలోనో బెంగుళూరులోనో ఉంటారు, ఇల్లు ఖాళీ చేసేటప్పుడు పాత పేపర్లతో కలిపి కేజీల లెక్కన వేసేస్తారు. పౌర గ్రంథాలయంలోనో యూనివర్సిటీలోనో ఒక గది, ఒక స్కానరు, ఓపికున్న ఒక మనిషి, అంతే. కోల్‌కతాలో నాట్యశోధ్ సంస్థాన్ అని 1981 నుంచి ఉంది, పోస్టర్లు, ఫోటోలు, స్క్రిప్టులు, నటుల గొంతులు పోగేసి పెట్టుకున్నారు, దాన్ని మొదలెట్టింది ప్రభుత్వం కూడా కాదు, నాటకం మీద ప్రేమున్న మనుషులు.

ఆకాశవాణి దూరదర్శన్ కేంద్రం చేతిలోవి, మాకేం సంబంధం అని మీరనొచ్చు. టేపులు ఇమ్మని అడగట్లేదు, ముందు మీ దగ్గర ఏయే తెలుగు నాటకాలు మిగిలాయో ఒక జాబితా బయటపెట్టమని ఒక శాఖ ఇంకో శాఖకి ఉత్తరం రాయడానికి అడ్డేంటి? నాటకం పేరు, సంవత్సరం, వేసినవాళ్ళ పేర్లు. అందులో తమ పేరు చూసుకుంటే కొంతమందికి అదే సర్టిఫికెట్టు.

సర్టిఫికెట్టు అన్నా కాబట్టి, ఇది కచ్చితంగా చెయ్యండి, మీరు తీసిన ఆ రికార్డింగునే పింఛనుకి ఆధారంగా ఒప్పుకోండి. ముగ్గురు పాత నటులు, ఒక యూనివర్సిటీ మాస్టారు కూర్చుని చూస్తే ఒక మనిషి ఎన్నాళ్ళు స్టేజి ఎక్కాడో పది నిమిషాల్లో తెలిసిపోతుంది, నిలబడ్డంలోనే తెలుస్తుంది, కటింగులు అక్కర్లేదు. దొంగ కళాకారులు దూరిపోతారని భయపడతారేమో, నిజానికి దొంగవాడు కటింగులు పుట్టించగలడు గానీ ఏడు నిమిషాల సీను పుట్టించలేడు.

ఏటా ఏప్రిల్ 16న, కందుకూరి వారి జయంతి రోజు, తెలుగు నాటకరంగ దినోత్సవం చేస్తారు. ఆ రోజు దండలు వేసి ప్రసంగాలు పెట్టే బదులు రాష్ట్రం మొత్తం మీద ఒక్కో జిల్లాలో ఒక్కో పెద్ద నటుణ్ణి రికార్డు చేసే రోజుగా పెట్టుకోండి. ప్రసంగాలు మరీ లేకపోతే ఉండలేం అంటే రికార్డింగ్ అయ్యాక పెట్టుకోండి, మేం చప్పట్లు కొడతాం.

మీరు ఎప్పుడు కదుల్తారో తెలీదు కాబట్టి మేం ఫోన్లతో మొదలెట్టేశాం. లైటు సరిగ్గా పడట్లేదు, ఫ్యాన్ చప్పుడు వస్తోంది, ఫ్యాన్ కట్టేస్తే విశాఖ ఉక్కపోతకి పెద్దాయన పది నిమిషాలు కూర్చోలేడు. అయినా లాయరు సీను తీశాం. రెండు చోట్ల డైలాగు మర్చిపోయారు, నేను పక్కనుంచి అందించబోతే చెయ్యి అడ్డం పెట్టి "ఉండరా, వస్తది" అన్నారు, వచ్చింది. కానీ మా మైకుతో ఆ చిన్న గొంతు సరిగ్గా పడలేదు, అది సరైన స్టూడియోలో పడాలి. విశాఖలో స్టూడియో ఉంది, హాళ్ళున్నాయి, పిల్లలున్నారు. మీవైపు నుంచి ఒక ఆర్డరు కాగితం రావాలి. తేదీ ఇచ్చేటప్పుడు మాత్రం పొద్దున్న పది, పదకొండు మధ్య పెట్టండి, మధ్యాహ్నం దాటితే మాస్టారికి గొంతు అలిసిపోతుంది, సాయంత్రం డయాలసిస్‌కి వెళ్ళే ఇంకో ఇద్దరు కూడా ఉన్నారు మా జాబితాలో, వాళ్ళని ముందు పెట్టుకుందాం.

ఇట్లు,
వింగులో పుస్తకం పట్టుకునేవాడు,
విశాఖపట్నం